అనుమతి పొందిన అసత్యము

కృష్ణా డెల్టాలో కరణము దస్తరముతో పనిబడని రైతు కుటుంబము అరుదు. 1984 జనవరిలో కరణీకము రద్దయినది. కాని ఆ దస్తరము నేర్పిన పాఠము రద్దు కాలేదు. ఏ పొలము ఎవరి అనుభవమున నున్నట్లు అడంగలులో వ్రాయబడినదో దానినిబట్టి శిస్తు, దానినిబట్టి అప్పు, దానినిబట్టి వ్యాజ్యము. కలము కరణముదే. అయినను ఆ కలము స్వతంత్రముగ నడచుచున్నదని గ్రామమున నెవ్వరును నమ్మియుండలేదు. దానిపై పెద్ద కామందు చేయి ఒకటి, తాలూకా కచేరి చేయి ఒకటి ఉండెడివి. వరద వచ్చిన యేట పంటనష్టము ఎంత వ్రాయవలెననునది చేలగట్టున గాక కచేరిలో తేలెడిది.

పట్టణములలోని చదువరులు ఈ మాట విని నవ్వుదురు. కరణముల కాలము గతించినది, ఇది కంపెనీల కాలము. కంపెనీల లెక్కలకు చట్టము గలదు, ఆడిటరు గలడు, సెబి గలదు, అంతర్జాతీయ ప్రమాణములు గలవు అందురు. నున్నని కాగితముపై రంగుల బొమ్మలతో అచ్చయిన వార్షిక నివేదికను చేతబట్టి, అందలి లాభపు అంకెను చూచి, పిల్ల పెండ్లికై కూడబెట్టిన సొమ్ముతో షేర్లు కొందురు. ఆ అంకెను వ్రాసిన చేయి ఎవరిది, ఆ చేతిని పట్టుకొని వ్రాయించినది ఎవరు అని అడుగరు.

కంపెనీ లెక్కలలో అసత్యము రెండు విధములు. ఒకటి చట్టమునకు చాటుగ వ్రాసినది. రెండవది చట్టమే వ్రాసికొమ్మన్నది. మొదటిది బయటపడిననాడు దేశమంతయు గగ్గోలు పుట్టును, అరెస్టులు జరుగును, శిక్షలు పడును. రెండవది గెజెట్టున అచ్చుపడి గౌరవముగ బీరువా చేరును. మొదటిదానిని గూర్చి కావలసినంత వ్రాసినవారు గలరు. రెండవదానివలననే మన ప్రజలకు ఎక్కువ నష్టము కలిగినదని మా అభిప్రాయము. రెండింటి వెనుకను ఉన్నది రాజకీయమే యని చూపుట మా ఉద్దేశము.

మొదటి విధమునకు ఉదాహరణము వెదకనక్కరలేదు. సత్యం కంప్యూటర్సు 1987లో హైదరాబాదున పుట్టినది. దాని అధిపతి బైర్రాజు రామలింగరాజుగారు పశ్చిమ గోదావరి జిల్లా కుటుంబమువారు. మన బెజవాడ ఆంధ్ర లయోలా కళాశాలలో వాణిజ్యశాస్త్రము చదివినవారు. డెల్టా ఇండ్లలో తండ్రులు కొడుకులకు ఆయన పేరు చూపి బుద్ధి చెప్పుచుండిరి. 2009 జనవరి 7వ తేదీన ఆయన తన డైరెక్టర్లకు వ్రాసిన లేఖలో ఒప్పుకొన్న అంకెలను మఱచినవారే నేడు ఎక్కువ గనుక తిరిగి చెప్పుచున్నాము. 2008 సెప్టెంబరు ఆఖరునాటి ఆస్తి అప్పుల పట్టికలో నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్ల రూపాయలని చూపిరి. అందు 5,040 కోట్లు లేనేలేవు. లేని నిల్వపై 376 కోట్ల వడ్డీ కూడ రావలసియున్నట్లు వ్రాసికొనిరి. 1,230 కోట్ల అప్పును పట్టికలో చూపనేలేదు. ఆ మూడు నెలలలో వ్యాపారపు మిగులు 649 కోట్లనిరి; నిజమునకు 61 కోట్లు. నూటికి 24 వచ్చుచున్నదన్నచోట వచ్చినది 3. ముందునాడు సుమారు 179 రూపాయలు పలికిన షేరు ఆ సాయంకాలమునకు 40 రూపాయలకు దిగినది. అంతకు కొలది నెలల పూర్వమే ఆ కంపెనీకి సుపరిపాలనకై ‘గోల్డెన్ పీకాక్’ బహుమతి వచ్చియుండెను!

ఇందు రాజకీయ మెక్కడ నున్నదని అడుగువారు గలరు. మేటాస్ అను పేరును ఆంగ్లాక్షరములలో వెనుకనుండి చదివిన సత్యం అగును. రాజుగారి కుటుంబము చేతిలోని మేటాస్ సంస్థలు రెండు. ఒకటి భూములది, ఒకటి నిర్మాణములది. 2008 డిసెంబరు 16వ తేదీన సత్యం వాటాదారుల సొమ్ము 160 కోట్ల డాలర్లు వెచ్చించి ఈ రెండింటిని కొనుటకు డైరెక్టర్లు తీర్మానించిరి. వాటాదారులు తిరుగబడగా కొన్ని గంటలలోనే ఆ తీర్మానము వెనుకకు పోయినది. పుస్తకములలోని లేని ఆస్తి స్థానమున ఉన్న ఆస్తిని నింపుటకు అదియే తుది ప్రయత్నమని రాజుగారే లేఖలో వ్రాసిరి.

ఇక ఆ ‘ఉన్న ఆస్తి’ యెట్టిదో విచారింపవలెను. నిర్మాణ సంస్థ విలువ దాని యంత్రములలో లేదు. దాని చేతనున్న కాంట్రాక్టులలో నున్నది. కాంట్రాక్టు లిచ్చునది ప్రభుత్వము. 2008లో హైదరాబాదు మెట్రో రైలు పని మేటాస్ నాయకత్వమున నున్న కూటమికి దక్కినది. ఇతరులు ప్రభుత్వమునుండి సొమ్ము కోరగా, వీరు తామే 30,311 కోట్లు ప్రభుత్వమునకు చెల్లింతుమనిరి. రైలు నడిపి ఇంత సొమ్మెట్లు ఇత్తురు, ఇందు భూముల వ్యవహారమున్నదేమో యని ఢిల్లీ మెట్రోను కట్టిన శ్రీధరన్‌గారు ప్రణాళికా సంఘమునకు వ్రాసిరి. అందులకు రాష్ట్ర ప్రభుత్వము ఆయనపై పరువునష్టపు దావా వేయుదుమని బెదరించినది. హెచ్చరించినవానికి నోటీసు, హెచ్చరిక కెక్కినవానికి కాంట్రాక్టు. 2009 జూలైలో ఆ కాంట్రాక్టు రద్దయినది.

మన జిల్లాకు మఱింత దగ్గర విషయము బందరు రేవు. 2008 ఏప్రిల్‌లో నాటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు శంకుస్థాపన చేసినపుడు ఆ పని పొందిన కూటమికి పెద్దయు మేటాసే. బందరువారు ఎన్నో దశాబ్దములుగ ఎదురుచూచిన రేవు ఒక కంపెనీ ఆస్తి అప్పుల పట్టికలో ఆశాస్థానమైనది. పట్టిక కూలినతోడనే రేవు ఇసుకలోనే నిలిచిపోయినది.

ఒక పార్టీ ప్రభుత్వము మాత్రమే ఆ కంపెనీని ఆదరించెనని మేము వ్రాయము. సత్యము అది కాదు. అంతకు పూర్వపు ప్రభుత్వమును ఆ సంస్థను హైదరాబాదు కీర్తికి పతాకముగ చూపినది. ఉభయులకును ఆ లాభపు అంకె కావలసియుండెను. ఒకరికి అది నవయుగమునకు సాక్ష్యము, ఒకరికి అభివృద్ధికి సాక్ష్యము. ప్రభుత్వమే సాక్షిని నెత్తిన పెట్టుకొని ఊరేగించుచున్నపుడు ఆ సాక్షిని క్రాసు పరీక్ష చేయు వకీలు ఎవరు? ఆడిటర్లు చేయలేదు. వారిపై సెబి 2018 జనవరిలో విధించిన రెండేండ్ల నిషేధమును 2019 సెప్టెంబరులో అప్పీలు ట్రిబ్యునలు కొట్టివేసినది. రాజుగారికిని, మఱికొందఱికిని 2015 ఏప్రిల్ 9వ తేదీన ఏడేండ్ల శిక్ష పడినది. నెల దాటగనే అప్పీలుపై ఆ శిక్ష నిలుపుదల యయ్యెను.

ఇంతవరకు అందఱెఱిగినదే. ఇకముందు చెప్పబోవునది అంతగ ఎఱిగినది కాదు. సత్యం వార్త వెలువడిన రెండు దినములకే కేంద్ర ప్రభుత్వపు కంపెనీ వ్యవహారముల శాఖ డైరెక్టర్ల బోర్డును తొలగించి క్రొత్తవారిని నియమించినది. అందులకు మెచ్చుకొనవలసినదే. అదే శాఖ మూడు నెలలైన నిండకమునుపే, 2009 మార్చి 31వ తేదీన, లెక్కల సంవత్సరము ముగియుచున్న సాయంకాలమున, ఒక గెజెట్టు ప్రకటన చేసినది. విదేశీ మారకమును గూర్చిన 11వ లెక్కల ప్రమాణమునకు 46వ పేరాను చేర్చినది. సార్వత్రిక ఎన్నికల పోలింగునకు అప్పటికి పదునారు దినములు గలవు.

ఆ పేరా ఏమి చేసినదో మన రైసుమిల్లు భాషలో చెప్పుదుము. ఒక మిల్లు యజమాని యంత్రములకై కోటి డాలర్లు అప్పు తెచ్చెననుకొందము. డాలరు 40 రూపాయలున్నపుడు ఆ అప్పు 40 కోట్లు. ఏడాది తిరుగునప్పటికి డాలరు 51 రూపాయలైనది. 2008–09లో అట్లే అయినది. అప్పు 51 కోట్లైనది. యజమాని 11 కోట్లు నష్టపోయెను. ఆ సంవత్సరపు లాభనష్టముల ఖాతాలో ఆ నష్టమును వ్రాయవలెనని ప్రమాణము చెప్పుచుండెను. క్రొత్త పేరా వ్రాయనక్కరలేదన్నది. ఆ 11 కోట్లను యంత్రముల ఖరీదునకు కలుపుకొనవచ్చునన్నది. మిల్లులో ఒక మేకు అదనముగ దిగలేదు. ఒక ఇటుక పెరుగలేదు. కాని మిల్లు ఆస్తి పుస్తకములో 11 కోట్లు పెరిగినది. నష్టము ఆస్తియైనది! పైగా ఈ సదుపాయము నాటినుండి గాక, వెనుకకు పోయి, 2006 డిసెంబరు 7వ తేదీ తరువాత మొదలైన సంవత్సరములకు కూడ వర్తించునని వ్రాసిరి. వాయిదా రెండేండ్లు మాత్రమే యనిరి. 2011 వరకన్నది 2012 వరకు, అది 2020 వరకు పెరిగినది. అంతర్జాతీయ ప్రమాణముల కనుగుణముగ 2016నుండి అమలైన క్రొత్త నియమములలో సహితము పాత అప్పులకు ఈ వెసులుబాటును మిగిల్చిరి.

సత్యం పుస్తకములో లేని ఆస్తిని చూపిన 5,040 కోట్లకు జైలు. ఇక్కడ లేని ఆస్తిని చూపుటకు ప్రభుత్వ ముద్ర. రెండును ఒకటే యని మేము వాదించుట లేదు. రెండవదానిని చివరి పుటలలో చిన్నయక్షరములతో వెల్లడింపవలెనను నియమమున్నది, నిజమే. కాని ఆ చిన్నయక్షరములు ఎవరు చదువుదురు? పత్రికలలో లాభము పెద్దయక్షరములతో వచ్చును. కంపెనీ లెక్కలు నిజమును న్యాయమును చూపవలెనని చట్టము ఒకచోట చెప్పును; కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన ప్రమాణముల ననుసరింపవలెనని అదే చట్టము మఱియొకచోట చెప్పును. రెండవ మాట మొదటి మాటను మ్రింగగలదని 2009 మార్చి 31 చూపినది.

ఇది మన దేశపు పాపము మాత్రమే గాదు. అమెరికాలో ఉద్యోగులకిచ్చు షేరు హక్కులను ఖర్చుగ వ్రాయవలెనని లెక్కల ప్రమాణ మండలి తలపెట్టగా, 1994లో సెనేటు 88 వోట్లతో దానికి వ్యతిరేకముగ తీర్మానించినది, మండలి తలవంచినది. ఆ ఖర్చును తప్పనిసరిచేయు నియమమునకు పదియేండ్లు పట్టినది. 2008 అక్టోబరులో యూరపు ప్రభుత్వముల ఒత్తిడికి అంతర్జాతీయ ప్రమాణముల మండలి తన సొంత పద్ధతిని ప్రక్కకునెట్టి, బ్యాంకులు ధర పడిపోయిన పత్రములను వేఱు ఖాతాకు మార్చుకొనుటకు ఒక్క వారమైన చర్చ లేక అనుమతించినది. అయితే అచ్చట నిలిచి వాదించు పత్రికలు, పెన్షను నిధులు, న్యాయస్థానములు బలముగ నున్నవి. క్రొత్తగ పైకివచ్చుచున్న దేశములలో ఆ బలము తక్కువ, ప్రభుత్వము చేతిలోని వరములు ఎక్కువ. చైనాలో 1996నుండి కొంతకాలము, వరుసగ మూడేండ్లు పెట్టుబడిపై నూటికి 10 లాభము చూపిన కంపెనీలకే క్రొత్త షేర్లమ్ము అనుమతి. ఫలితముగ 10కి కొంచెము పైన లాభము చూపిన కంపెనీలు కుప్పలుతెప్పలు. 9 చూపినవి వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. వ్యాపారము ఇంత క్రమశిక్షణతో నడచుట లోకమున మఱెక్కడను చూడము. ఇండోనేషియాలో సుహార్తో ఏలుబడిలో ఆయన ఆరోగ్యము బాగులేదని వదంతి పుట్టినపుడెల్ల ఆయన వారితో సంబంధమున్న కంపెనీల షేర్లు ఇతర కంపెనీలకంటె ఎక్కువగ పడిపోవుచుండెనని రేమండ్ ఫిస్మన్ అను ఆర్థికవేత్త 2001లో లెక్కగట్టి చూపెను. అనగా ఆ కంపెనీల పట్టికలలో ఎక్కడను వ్రాయని ఒక గొప్ప ఆస్తి యుండెను. అది ఒక వృద్ధుని నాడి.

మన డెల్టాకు వత్తము. 1923లో బందరున భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకును గూర్చి ఈ పుట చదువరులకు వేఱుగ చెప్పనక్కరలేదు. రైతు చేతి చెమటసొమ్ము వడ్డీవ్యాపారి ఇంటికి పోక రైతుకే తిరిగి రావలెనని పుట్టిన సంస్థ అది. 1980లో జాతీయమైనది. 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో కలిసి పేరు కోల్పోయినది. ఆ నడుమ జరిగినది చూడుడు. 2016–17 సంవత్సరమున కొలదియైనను లాభము చూపిన బ్యాంకు, మఱుసటి యేడు 3,400 కోట్లకు పైగా నష్టము చూపినది. ఇచ్చిన అప్పులలో నూటికి 17 వంతులు మొండి బాకీలని 2018 మార్చిలో వెల్లడియైనది. ఒక్క యేడాదిలో అంత పాడగునా? పాడగుట ఎప్పుడో అయినది, వ్రాయుట అప్పుడైనది.

కారణము మరల ఒక అనుమతియే. 2008 సంక్షోభమునాడు రిజర్వు బ్యాంకు ఒక సదుపాయము కల్పించినది. తీర్చలేని బాకీదారునికి వాయిదాలు మార్చి, గడువు పెంచి, క్రొత్త కాగితము వ్రాసికొన్నచో ఆ బాకీని మంచి బాకీగనే పుస్తకమున నిలుపుకొనవచ్చునన్నది. మా వృత్తిలో దీనిని ఎఱుగుదుము. ప్రామిసరీ నోటు కాలదోషము పట్టబోవునపుడు పాత నోటుపై చెల్లు వ్రాయించి, లేదా క్రొత్త నోటు వ్రాయించి బాకీని బ్రతికించుట షావుకారు చేయు పనియే. కాని షావుకారు తన మనస్సులోనైన ఆ బాకీ రాదని ఎఱుగును. ఇక్కడ బ్యాంకులు రానిదానిని వచ్చునని లోకమునకు అచ్చువేసి చూపినవి. ఈ సదుపాయము 2015 ఏప్రిల్ 1వ తేదీవరకు నడచినది. ఆ సంవత్సరమే రఘురామ్ రాజన్‌గారు రిజర్వు బ్యాంకు గవర్నరుగ నుండి అన్ని బ్యాంకుల పుస్తకములు విప్పించిరి. దేశమందలి బ్యాంకుల మొండి బాకీలు 2015 మార్చిలో నూటికి 4 చిల్లరయుండగా 2018 మార్చి నాటికి 11 దాటినవి.

ఆ బాకీదారులలో మన ఊరికి సంబంధించినవారును గలరు. 2004, 2009 ఎన్నికలలో విజయవాడనుండి లోక్‌సభకు ఎన్నికైన లగడపాటి రాజగోపాల్‌గారు స్థాపించిన ల్యాంకో సంస్థ, కొండపల్లిలో గ్యాసుతో విద్యుత్తు తీయు కర్మాగారమును కట్టినది. దేశమందు పలుచోట్ల విద్యుత్తు ప్రాజెక్టులు చేపట్టినది. గ్యాసు రాలేదు, బొగ్గు రాలేదు, అప్పు పెరిగినది. 2013లో ఆ అప్పులను బ్యాంకులు పునర్వ్యవస్థీకరించినవి. 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు దివాలా న్యాయస్థానమునకు పంపుమన్న పండ్రెండు పెద్ద ఖాతాలలో ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ ఒకటి. 2018 ఆగస్టులో ఆ కంపెనీ ఆస్తులమ్మి మూసివేయవలెనని ఉత్తరువైనది. ఇందు ఎవరును నేరము చేసిరని మేము చెప్పుట లేదు. గ్యాసు రాకపోవుట కంపెనీ దోషము కాకపోవచ్చును. మేము చూపదలచినది వేఱు. అప్పు తీసికొన్నది పార్లమెంటు సభ్యుడు స్థాపించిన సంస్థ. అప్పు ఇచ్చినవానిలో ప్రభుత్వపు బ్యాంకులు ముఖ్యము. గ్యాసు కేటాయించునది ప్రభుత్వము, విద్యుత్తు కొనునది ప్రభుత్వ సంస్థలు. బాకీ మంచిదా చెడ్డదా యని నిర్ణయించు నియమము ప్రభుత్వమే నియమించిన గవర్నరుగల రిజర్వు బ్యాంకుది. ఇన్ని పాత్రలు ఒకే రంగమున నున్నపుడు, నష్టమును ఎప్పుడు వ్రాయవలెనో నిర్ణయించునది పంచాంగమా, ఎన్నికల పట్టికయా?

దీనికి ఒక సమాధానము గలదు. మేము దానిని తేలికగ త్రోసిపుచ్చము. ఆ సంక్షోభమునాడు నష్టములన్నియు ఒక్కమాఱు వ్రాసినచో కర్మాగారములు మూతబడెడివి, కూలీలు వీధినబడెడివి, బ్యాంకులవద్ద జనము క్యూలు కట్టెడివారు. కొంతకాలము కన్నుమూసికొనుటయే రాజనీతి యందురు. కష్టకాలమున బాకీదారునికి గడువిచ్చుట ధర్మమే. కరవునాడు శిస్తు వజా చేయుమని మన పెద్దలు పోరాడలేదా? కాని వజా ఇచ్చిన దొర వజా యని వ్రాసెను, వసూలైనదని వ్రాయలేదు. సాయము చేయదలచినచో ఖజానానుండి చేయవలెను, శాసనసభ యెదుట పద్దు పెట్టి చేయవలెను. అప్పుడు ఎవరికి ఎంత ఇచ్చిరో, ఏల ఇచ్చిరో ప్రజలు అడుగగలరు. పుస్తకమున అంకె మార్చి చేసిన సాయమునకు పద్దు లేదు, చర్చ లేదు, వోటు లేదు. దానము చేసినవాడు కనబడడు, పుచ్చుకొన్నవాడు కనబడడు. తుదకు చెల్లించినవాడు మాత్రము కనబడును. 2017 అక్టోబరులో కేంద్రము ప్రభుత్వ బ్యాంకులను నిలుపుటకు 2 లక్షల 11 వేల కోట్ల పథకము ప్రకటించినది. అందు అధికభాగము ప్రజల పన్నులపై తీర్పబడవలసిన బాండ్లు.

అసలు పేరు మార్చుటలోనే సగము మాయ యున్నది. విజయవాడ కేంద్రముగ నడచిన అగ్రిగోల్డు వారు ప్రజలనుండి వసూలుచేసిన సొమ్మును డిపాజిట్టని పిలువలేదు. స్థలములకు అడ్వాన్సు అని పిలిచిరి. డిపాజిట్టన్నచో రిజర్వు బ్యాంకు అడుగును. సామూహిక పెట్టుబడి యన్నచో సెబి అడుగును. స్థలమునకు బయానా యన్నచో ఎవరడుగుదురు? 32 లక్షలమందినుండి 6,380 కోట్లు వసూలైనవని ఎన్‌ఫోర్సుమెంటు డైరెక్టరేటు లెక్క. చిట్టాలో ఒక్క మాట మార్చినందున ఇంత జనము రోడ్డునబడిరి. ఆపై వారి గోడు పార్టీల ఎన్నికల వాగ్దానమైనది. 2019 నవంబరులోను, 2021 ఆగస్టులోను చిన్న మొత్తములవారికి రాష్ట్ర ఖజానానుండి చెల్లించిరి. బాధితునకు అది ఊరటయే. కాని కంపెనీ లెక్క చూడవలసిన కాలమున చూడని ప్రభుత్వము, చూడనందుకు పరిహారమును పన్నుదారుని జేబునుండి ఇచ్చి, పటములు దిగినదని మఱువరాదు.

ప్రభుత్వ కంపెనీల సంగతి యింకను విచిత్రము. విద్యుత్ పంపిణీ సంస్థలను తీసికొనుడు. సబ్సిడీ యివ్వదలచిన ప్రభుత్వము ఆ సొమ్మును ముందుగ చెల్లింపవలెనని 2003 విద్యుత్ చట్టపు 65వ సెక్షను స్పష్టముగ చెప్పుచున్నది. ఆచరణలో ఏ పార్టీ ఏలినను సొమ్ము ఆలస్యముగ వచ్చును. పంపిణీ సంస్థ దానిని ‘ప్రభుత్వమునుండి రావలసినది’ అని ఆస్తిగ వ్రాసికొనును. ఎన్నికల ముందు చార్జీలు పెరుగవు. ఖర్చు మాత్రము పెరుగును. నష్టము పుస్తకములలో ఒక మూల కూర్చుండి, సంవత్సరముల తరువాత ట్రూ-అప్ అను పేరు పెట్టుకొని మన ఇంటి బిల్లులోనికి వచ్చును. 2014–19 నాటి లెక్కల తేడా 2022లో వసూలు మొదలైనది. ఆ కాలమున కరెంటు వాడిన అద్దెవాడు ఇల్లు ఖాళీచేసి పోయెను. క్రొత్తగ దిగినవాడు చెల్లించెను. దీనిని గూర్చి ఒక పార్టీ మఱియొక పార్టీని తిట్టుచుండుట మనము ప్రతి యేడు వినుచున్నాము. ఏ పార్టీయైనను పంపిణీ సంస్థల లెక్కను ఏటికేడు నష్టముతో సహా ప్రజల ముందుంతునని వాగ్దానము చేయగా మేము వినలేదు.

సత్యం తరువాత చట్టము మారలేదా యందురు. మారినది. 2013 కంపెనీల చట్టమున ఆడిటరు సంస్థలను పదియేండ్ల కొకసారి మార్చవలెనను నియమము వచ్చినది. ఆడిటర్లను విచారించుటకు వారి సొంత సంఘముతో సంబంధము లేని ఒక జాతీయ ప్రాధికార సంస్థను 132వ సెక్షను ఏర్పఱచినది. కాగితముపై ఏర్పఱచినది. నిజముగ అది పుట్టినది 2018 అక్టోబరు 1వ తేదీన. ఐదేండ్లు ఆ సెక్షను నిద్రించినది. ఆడిటర్ల సంఘమునకు అది యిష్టము లేదు; ప్రభుత్వమునకు తొందర లేదు. 2018 ఫిబ్రవరిలో పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణము బయటపడగా మార్చి 1వ తేదీన మంత్రివర్గము మేల్కొన్నది. చట్టసభ చేసిన చట్టము అమలగుటకు మఱియొక దొంగతనము జరుగవలసివచ్చినది! ఆ సంస్థ అధ్యక్షుని, సభ్యులను నియమించునది నేటికిని కేంద్ర ప్రభుత్వమే.

కాబట్టి మా కోరిక యిది. లెక్కల ప్రమాణమును మార్చు అధికారము ఒక శాఖ ఒక సాయంకాలమున గెజెట్టులో చూపరాదు. ఏ మార్పునైనను ఎవరు కోరిరో, దానివలన ఏ కంపెనీల లాభము ఎంత మారునో వెల్లడించు పత్రముతో ముందుగ పార్లమెంటు ఎదుట పెట్టవలెను. వెనుకటి తేదీనుండి అమలుచేయుట పూర్తిగ మానవలెను. ఆడిటర్లను విచారించు సంస్థ నియామకములలో ప్రతిపక్షమునకును న్యాయమూర్తులకును చోటుండవలెను. ఏ సదుపాయమువలన లాభము పెరిగినదో ఆ సదుపాయము లేనిచో లాభ మెంతయో ఆ అంకె ప్రక్కనే, అంతే పెద్దయక్షరములతో, కంపెనీలు అచ్చువేయవలెను. ఇందులకు ఖర్చు లేదు; సిరా మాత్రము కొంచెము ఎక్కువగ పట్టును.

ఢిల్లీలో జరుగవలసినవి జరుగువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. 2023 మేలో బందరు రేవునకు మరల శంకుస్థాపన జరిగినది. ఈమాఱు పని రాష్ట్ర ప్రభుత్వపు సొంత కంపెనీ పేర, అప్పు తెచ్చిన సొమ్ముతో, సాగుచున్నది. ప్రభుత్వ కంపెనీ వార్షిక నివేదికను, కంప్ట్రోలర్ ఆడిటర్ జనరల్ వ్యాఖ్యలతో సహా, వార్షిక సభ జరిగిన మూడు నెలలలోపల తయారుచేయించి, ఆపై వీలైనంత త్వరగ శాసనసభ యెదుట ఉంచవలెనని 395వ సెక్షను విధించుచున్నది. మన శాసనసభ్యులు ఆ నివేదికను ఎన్నడైన అడిగిరా? అడుగని యెడల అడిగించుట వోటరుల పని. ఆ లెక్కలను తెలుగున అచ్చువేయించి, బందరులోని గ్రంథాలయములందును, బెజవాడ రామమోహన గ్రంథాలయపు పఠనమందిరపు బల్లమీదను, దినపత్రికల ప్రక్కన, ఏటేట ఉంచవలెనని రాష్ట్ర ప్రభుత్వమును మేము కోరుచున్నాము. చివరి పుటలలోని చిన్నయక్షరములను కూడ తెలుగుచేయింపవలెను. వానిని బిగ్గరగ చదివి వినిపించు బాధ్యతను పట్టణములోని వకీళ్లు, వాణిజ్యశాస్త్రపు అధ్యాపకులు నెలకొక ఆదివారము వంతున పంచుకొనవచ్చును.